మూడో భాగం, ఐదు రోజుల అద్దె

నా వీపు కంటే ఎత్తు నా మూట.
ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, భుజాలకు బిగించి
ఫుకగావా వంతెన ఎక్కుతుంటే
వెనకనించి చూసేవాళ్లకి
కాళ్లొచ్చిన బీరువాలా ఉంటానట.

ఎడో నగరంలో ఇన్ని సందులున్నాయా,
సందుకింతమంది చదివేవాళ్లున్నారా!
మా తాత ఇదే దారిన ఎండుచేపలు మోశాడు.
ఆయన్ని పిలిచిన గుమ్మాలే
ఇప్పుడు నన్ను పిలుస్తున్నాయి:
"కొత్త భాగం వచ్చిందా?"

కొనాలంటే పది రోజుల బియ్యం ఖరీదు.
అద్దెకైతే ఓ గిన్నె సోబా మానుకుంటే చాలు.
అలా మానుకున్నవాళ్ల వల్లే
మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

అద్దకం పనిచేసే ఒసెన్
నీలిమందు ఆరని చేతుల్తోనే అందుకుంటుంది.
పుస్తకం తిరిగొచ్చేసరికి
పన్నెండో పేజీ మూల ఆమె బొటనవేలు.
స్నానశాలలో కట్టెలెగదోసే బున్‌కిచి
పొయ్యి వెలుగులో, పెదాలు కదుపుతూ చదువుతాడు.
అతను ఎక్కడిదాకా వచ్చాడో బూడిద చెబుతుంది.
చూపులేని యొయిచికి పక్కింటి పిల్ల చదివి పెడుతుంది.
బొమ్మలో దొంగకి మీసాలు దిద్దింది ఆ పిల్లే.

మొదటి పేజీలో నేనంటించిన చీటీ:
"గీతలు గీయరాదు. దీపం పక్కన పెట్టరాదు."
దాని కింద ఎవరో రాశారు:
"చిత్తం."

మూడో భాగంలో, ఆ అమ్మాయి
అర్ధరాత్రి నది గట్టుకి బయల్దేరే చోట
అంచులో చిన్నగా, "వెళ్లకు తల్లీ."
కింద ఇంకో చేతిరాత,
"వెళ్తుంది. నేను ఐదో భాగం చదివేశా."
దాని కింద సిరా చిమ్మేంత కోపంగా,
"నీ నోరు పడిపోను!"
ఇంకా కింద, వణుకుతూ,
"మా అక్కా ఇలాగే వెళ్లింది."

ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు.
చోటు లేక కాదు.

వీళ్లు ఒకర్నొకరు చూసుకోలేదు.
వంతెన మీద భుజాలు రాసుకుని పోయినా పోల్చుకోలేరు.
నాకు చేతిరాతలన్నీ తెలుసు.
ఏది ఎవరిదో చెప్పను.

వానల్లో పడవ దిగుతూ కాలు జారాను.
ఒడ్డుకి తీసేసరికి
మూడో భాగం తడిసిన పిండిముద్ద.
అప్పు చేసి కొత్తది కొన్నాను.
మంచులాంటి అంచులు, చెక్క వాసన.
గర్వంగానే అందించాను ఒసెన్‌కి.
ఆమె గబగబా తిప్పి, ఆ పేజీ దగ్గర ఆగి,
నా చేతికి తిరిగిచ్చేసింది.
"ఇందులో సగం లేదు."

ఆ రాత్రి చీటీ నేనే ఊడబీకాను.
కుంచె తడిపి, ఎడం చేత్తో ఒకటి, కుడి చేత్తో ఒకటి,
"వెళ్లకు తల్లీ" రాశాను.
"వెళ్తుంది" రాశాను.
తిట్టు కూడా రాశాను, సిరా చిమ్మేలా.
నాలుగోది రాయబోతే చెయ్యి రాలేదు.
అంత చోటు వదిలేసి
పొద్దున్నే అద్దెకిచ్చాను.

ఐదు రోజులన్నాను.
ఇవాళ పదకొండు.