క్షయకరణం

నైజీరియా ఉత్తరాన, కానో పాత మట్టిగోడ పక్కన
మూడు నిలువుల గోతిలో
పన్నెండు రోజులుగా నీలిమందు పులుస్తోంది.
ఆకు, బూడిద, చాద్ సరస్సు ఒడ్డున తవ్విన ఉప్పురాయి.
ఒకప్పుడు ఒంటెల మీద వచ్చేదట ఆ రాయి.
ఇప్పుడు సిమెంటు లారీలో, బస్తాల సందున.

గడ్డిమూత కొంచెమే పక్కకి జరిపి
పొడుగు కర్రతో నెమ్మదిగా కలుపుతాడు తనీము.
"గబగబా తిప్పకు," అంటాడు మేనకోడలితో,
"గాలి మింగిందంటే పని మానేస్తుంది."

తబావా బడినుంచి తెచ్చింది ఒక ఎర్ర లిట్మస్ ముక్క,
మాస్టారు లెక్కపెట్టి ఇచ్చిన అయిదింటిలో
నాలుగు వాడి ఒకటి దాచుకుంది.
గోతిలో సగం ముంచి తీసింది.
"నీలం! మామా, క్షారం!"
తనీము కర్ర మీద వాలి నవ్వాడు.
"నా మేకని ముంచినా నీలమే అవుతుంది, పిల్లా."

ముఖం మాడ్చుకుని కాగితం నోటుబుక్కులో పెట్టేసింది.

అప్పుడతను తన పరీక్ష చేశాడు.
వేలు ముంచి బొటనవేలితో రాశాడు.
జారింది. జారడమంటే,
చర్మం మీది జిడ్డుని బూడిదనీళ్ళు
అప్పటికప్పుడు సబ్బు చేస్తున్నాయన్నమాట.
తర్వాత నాలుక చివర ఒక చుక్క.
ఉమ్మేశాడు.
"పులుపు తిరుగుతోంది. బూడిద చాల్లేదు."
లోపల కంటికి కనపడనివేవో తిని బతుకుతూ
ఆమ్లం ఊరిస్తూనే ఉంటాయి,
రాత్రి మిగిలిన అన్నం తెల్లారేసరికి పులిసినట్టు.
తబావా రెండు దోసిళ్ళు బూడిద పోసింది.
గొయ్యి గుర్రుమని ఒక్క బుడగ వదిలింది.

మర్నాడు అగదేజ్ నుంచి వచ్చిన వర్తకుడు
పది మూరల తెల్ల తలపాగా ఇచ్చి
అక్కడే గొంతుక్కూర్చున్నాడు.
బయటికి తీసిన గుడ్డ చూసి లేచి నిలబడ్డాడు.
లేత అరటాకు రంగు!
"నేనడిగింది ఇదా?"
"కూర్చో," అన్నాడు తనీము.

ఎడారి మీంచి పొడిగాలి వీస్తోంది.
ముందు అంచులు,
తర్వాత పిడికిలి పట్టిన చోటు,
అన్నిటికన్నా ఆఖర్న మడతల లోపల.
నీలం వచ్చింది. ఎక్కడినుంచో రాలేదు,
అక్కడే ఉండి వచ్చింది.

ఇక్కడ నాకో తెలుగు మాట అడ్డుపడుతోంది.
గోతి చీకట్లో జరిగినదానికి
మన పుస్తకాల్లో పేరు క్షయకరణం.
క్షయమంటే తరిగిపోవడం కదా,
మా పక్కింటాయన దగ్గు గుర్తొచ్చేది నాకు క్లాసులో.
కానీ నీలి అణువు అక్కడ పోగొట్టుకున్నది రంగొక్కటే.
ఎలక్ట్రాన్లు పుచ్చుకుంది,
పుచ్చుకున్నాకే నీళ్ళలో కరగగలిగింది,
కరిగాకే నూలు పోగులోకి దూరగలిగింది.
బయటికొచ్చి, పుచ్చుకున్నదంతా
ఎవరిదో కూడా అడక్కుండా గాలికిచ్చేసింది.
ఇచ్చాకే నీలమైంది.
ఇక కరగదు. పోగుని వదలదు.
పుచ్చుకోవడాన్ని క్షయమన్న ఆ పండితుడు
పొరబడ్డాడో, తెలిసే అన్నాడో.

సాయంత్రం మంట పుడుతున్న అరచేతుల్ని
కడుక్కుని, కడుక్కుని,
నిమ్మచెక్క పిండుకున్నాడు తనీము.
ఆమ్లం క్షారాన్ని కలిసిన చోట
చిటికెడు లవణం, కొన్ని నీళ్ళు.
కన్నీళ్ళదీ ఇదే లెక్క అని రాయాలనిపించింది.
రాయను. అతనికి అంతకన్నా ఆకలిగా ఉంది.

తబావా మాత్రం ఆ నిమ్మచెక్క లాక్కుంది.
నోటుబుక్కులో ఎండిన కాగితం మీద పిండింది.
గోతినీళ్ళు మెల్లగా పైకి పాకిన భాగం
చూస్తుండగానే ఎర్రబడింది.
మందులో మునిగిన భాగం
కదల్లేదు, నీలంగానే ఉంది.

ఇద్దరూ ఆ ముక్క మీదికి వంగారు.
చాలాసేపటికి,
"ఇంకోటుందా?" అన్నాడు తనీము.