కన్ను కొలత

గ్రిమ్స్‌బీ లైబ్రరీ, పై అంతస్తు, మంగళవారం పదిన్నర.
మావిస్ బోరిల్ కుర్చీ ముందుకు లాక్కుంది.
డెబ్బై తొమ్మిదేళ్లు. తడిసిన కోటు ఇంకా విప్పలేదు.
ఆమె పని, అరిగిన మోకాళ్ల కోసం
నీలం పార్కింగ్ బ్యాడ్జీకి దరఖాస్తు నింపడం.
నా పని నోరు మూసుకోవడం.

మా వృత్తిలో అదే మొదటి నియమం.
తడబడితే చూడాలి, తప్పు నొక్కితే రాసుకోవాలి.
సాయానికి చెయ్యి చాపావో
ఇక ఆ గదిలో నీకు తెలిసేదేమీ ఉండదు.

తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలు.
నేనే ఎంచాను, ఒక రాత్రి రెండింటికి,
ఎంత హుందాగా ఉన్నాయో అనుకుంటూ.
మావిస్ కళ్లద్దాలు తీసి తుడిచింది, పెట్టుకుంది,
మళ్లీ తీసి తుడిచింది.
అద్దాల మీద మరకేమీ లేదు.

పుట్టిన ఏడాదికి చక్రం తిప్పమన్నాం.
ఈ ఏటి నుంచి వెనక్కి, ఒక్కో ఏడే దొర్లించుకుంటూ
నలభై ఆరు దాకా ఆమె నడవాలి.
డెబ్బై ఆరు దగ్గర వేలు ఆగింది.
"ఐస్‌లాండ్ నీళ్లు మాకు మూసేసింది ఈ ఏడే.
మా షెడ్డులో సగం మందిని ఇంటికి పంపేశారు"
అంది, మాతో కాదు, తెరతో.
క్రెయిగ్ స్టాప్‌వాచ్ వైపు చూశాడు.
నేను రాసుకున్నాను: తేదీ గడి, నాలుగు నిమిషాలు.

తర్వాత పోస్ట్‌కోడ్.
మధ్యలో ఒక ఖాళీ వదిలి కొట్టింది.
'చెల్లదు' అంది నా ఫారం, ఎర్రగా, ఎక్కడో పైన,
ఆమె చూడని చోట.
ఏళ్ల తరబడి ఆమె ఉత్తరాలన్నీ
ఆ ఖాళీతోనే ఇల్లు చేరుతున్నాయి.
మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ చెల్లదు.

"ఏమనుకోకు బాబూ, నాకు బుర్ర పనిచెయ్యదు."

ఆడలేక మద్దెల ఓడన్నారని మనకో మాటుంది.
ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు,
చర్మం బిగించింది నేను.
ఆమేమో ఆట రాదని
నాకే క్షమాపణ చెబుతోంది.

పరీక్ష అయ్యాక టీ తాగుతూ చెప్పింది,
ఇరవై ఆరేళ్లు ట్రాలర్లకి వలలు అల్లానని.
ఎడం చేతి చూపుడువేలి మీద తాడు కోసిన గీత
ఇప్పటికీ తెల్లగా ఉంది.
"కన్ను కొలత తప్పితే
మేస్త్రీ కత్తి తెచ్చి మొత్తం కోసేసేవాడు.
కాడ్ చేపని ఎవరూ తిట్టలేదు."

జాలమంటే వలే కదా,
అంతర్జాలమని ఎన్నిసార్లు అన్నానో, ఎప్పుడూ తట్టలేదు.
ఆమె వల పట్టడానికి.
నాది దాటించడానికి.
పట్టుకుంటున్నది నాదే,
మసక చూపుని, వణికే వేలిని,
బస్సు దిగి వానలో నడిచొచ్చిన వాళ్లని.

ఆ రాత్రి కత్తి తీశాను.
బూడిద రంగు పోయింది. చక్రం పోయింది,
దాని చోట మూడు ఖాళీ గడులు.
ఎవరికీ అక్కర్లేని పదకొండు ప్రశ్నలు తీసేశాను,
వాటిలో ఒకటి ఎందుకడిగామో
కౌన్సిల్లో ఎవరికీ గుర్తులేదు.
రంగు కోసం మార్కెటింగ్ వాళ్లతో రెండు మీటింగులు,
ఒకదాంట్లో గొంతు పెంచాను, అది తప్పే.

మూడు వారాలకి మావిస్ మళ్లీ వచ్చింది.
ఆరు నిమిషాలు.
మారిందని ఆమె గమనించనే లేదు.
"చూశావా, రెండోసారికే నేర్చేసుకున్నాను!"
అంది, కోటు బొత్తాలు పెట్టుకుంటూ, మెరుస్తూ.

నా పని నోరు మూసుకోవడం.
మూసుకున్నాను.

కానీ ఫోన్ నంబరు దగ్గర
ఒక్క క్షణం ఆమె వేలు గాల్లో ఆగింది.
అది రాసుకున్నాను.