హెడ్డు స్క్రూ

కాప్రిస్ కారులో, ఫహాహీల్ దోవలో
ఒగ దినం పొరపాటున ఆ టేపు పెట్టినా.
ముందర ఒకటే కూత, దమ్ము తీసుకోకుండా.
ఆపైన పెనం మీద శెనిగ్గింజలు ఒలకబోసినట్ల
గరగర, చిటచిట, కీచు.
స్పీకరు కాలిపోయిందనుకోని బండి పక్కకు తీస్తే
వెనక సీట్లో మిషారీ పడీపడీ నవ్వినాడు.
"అది పాట కాదు, ఆట."

ఆట ఇట్లా అరుస్తుందా పిల్లోడా?

వాళ్ళింట్లో టీవీకి తగిలించిన కంప్యూటరు, పేరు సఖర్.
మీటల మీద అరబ్బీ అచ్చరాలు, ఇంగ్లీషు అచ్చరాలు
ఒకే బెంచీలో ఇరుక్కోని కూచున్న పిల్లోళ్ళ మాదిరి.
నాకు రెండూ రావు.
నాకు వచ్చేది కార్బురేటరు.
అందుకే పిలిచేవాడు నన్ను:
రికార్డరు హెడ్డు పక్కన నువ్వుగింజంత స్క్రూ,
వెంట్రుకవాసి అటు తిప్పితే ఆట వస్తాది, ఇటు తిప్పితే రాదు.
చెవి ఆనించి తిప్పేవాణ్ణి
కూత సన్నబడి సూదిమొన అయ్యేదాకా.

ఆపైన తీగ గుచ్చేది, కూచునేది.
నీలం తెర మీద ఒక మాట పడాల.
నేను ఇంగ్లీషులో చదివిన మొదటి మాట అదే.
ఫౌండ్.
దొరికిందంట.
అది పడినాక ఇంకో ఐదు నిమిషాలు, ఒక్కోసారి ఏడు.
బయట యాభై డిగ్రీలు, లోపల ఏసీ గురక,
కఫీల్ కొడుక్కు పదేండ్లు, డ్రైవరుకు ముప్పై,
ఇద్దరం ఊపిరి బిగబట్టి
ఏమీ కదలని అద్దంలోకి చూసేవాళ్ళం.
ఆట మొదలైతే నాకు పని లేదు.
లేచి పోయి కారు తుడుచుకునేవాణ్ణి.

ఓబుళమ్మ ఉత్తరాలు రాయదు. టేపులు పంపిస్తాది.
రాజంపేట నుంచి ఎవురన్నా వస్తావుంటే
కారప్పొడి డబ్బాలో గుచ్చి పంపేది.
టేపు తిరగతావుంటే ముక్కుకు ఘాటెక్కేది.
నాకు రికార్డరు లేదు,
బేస్తవారం రాత్రి మిషారీదే అడిగి తీసుకునేవాణ్ణి.
ఒకసారి తీగ పీకడం మరిచినాం.
గొంతు నాకు వినపడలా, అంతా కంప్యూటరుకే పోయింది.
బావిలో నీళ్ళు ఎంత లోతుకు దిగినాయో,
ఎనుము ఈనింది దున్నపోతునో పెయ్యనో,
చీటీపాట ఎవురెత్తినారో,
అరగంటసేపు ఆ పెట్టె చెవులప్పగించి విని
తెర మీద ఒక్క మాటా వేయలా.
దానికేమీ దొరకలా.

రెండో పక్క వచ్చే బేస్తవారానికని దాచుకున్నా.
పిల్లోడు తెలీక దాని మీదనే
తాను టైపు చేసిన ఆటను ఎక్కించినాడు.
తెలిసినాక ఏడ్చినాడు.
"విన్నదేలే, పాతది" అన్నా.
వినలా.
ఆట కూత అయిపోయినాక, కడాన, పదకొండు సెకన్లు మిగిలింది:
"...అంతే. ఇంగేం లేదు చెప్పేదానికి.
టేపు ఊరికే తిరగతాంది."

తొంభై ఆగస్టులో ఒక్క సంచితో దాటినా.
మిషారీ వాళ్ళు యాడికి పోయినారో.
మళ్ళీ వచ్చినా, వేరే ఇంటికి, వేరే కారుకు.

మొన్న శుక్రవారం సంతలో
టార్పాలిను మీద అదే సఖర్, మీటొకటి ఊడిపోయి.
పనిచేస్తాదా అంటే అల్లాకు తెలుసన్నాడు బేరగాడు.
రికార్డరు ఒక్కటీ రెండు దినార్లకు ఇచ్చినాడు.
రూములో బెల్టు మార్చి, కండ్లద్దాలు పెట్టుకోని
స్క్రూ తిప్పినా.
చెయ్యి మరిచిపోలా.

ఓబుళమ్మ ఇప్పుడు ఫోన్లో కనపడతాది,
దినామూ, నొక్కంగానే.
ఆ తొందరకు చెప్పాలనుకున్నది నాకే తట్టదు.
ఫోను రికార్డరు పక్కన పెట్టి వినిపించినా.
కూతంతా ఓపిగ్గా విన్నది, పాలగిన్నె చేతిలోనే పెట్టుకోని.
కడాకు ఆ పదకొండు సెకన్లు.

"ఎవురా పిల్ల?" అనడిగింది.