ఆకుపచ్చ గీత

దెస్సియెలో మా పేటకి ఒక చావుల సంఘం ఉంది.
నెలకి యాభై బిర్లు. ఒక డేరా, నలభై బల్లలు,
లెక్కలేనన్ని గిన్నెలు.
కాదు, లెక్క నా దగ్గరే ఉంది:
ఆకుపచ్చ గీత ఉన్నవి పద్దెనిమిది, మావి.
గీత లేనివి ఇరవై ఒకటి, వాళ్ళవి.
బిస్మిల్లా అని కోసిన మాంసం వీటిలో,
తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని కోసింది వాటిలో.
గరిటెలు కూడా వేరు.

పట్టీలో పేర్లు చదివితే మాత్రం తికమక.
గెబ్రె, తండ్రి పేరు హుస్సేన్.
ఫాతుమా, తాత పేరు తెక్లె.
కొత్త గుమాస్తా రెండు జాబితాలు చేద్దామని కూర్చుని
సాయంత్రానికి కలం మూసేశాడు.

అస్నకెచ్ నా గోడ అవతల మనిషి.
ముప్పై ఒక్క ఏళ్ళలో నా ఇంట మాంసం ముక్క ముట్టలేదు,
నేనూ ఆమె ఇంట ముట్టలేదు.
కూతురి పెళ్ళికి నాకోసం ఎండ్రిస్‌ని పిలిచి
వేరే పొయ్యి పెట్టించి మేకని కోయించింది.
ఆ కూర వాసన తప్ప ఆమెకి తెలీదు.

కాఫీకి గీతల్లేవు.
మూడు వాయిలు: అబోల్, తోనా, బెరెకా.
మూడోది తాగకుండా లేస్తే పోట్లాటే.
"దీవెన వదిలేసి పోతావా తొయ్‌బా?
ఆ మాట మీ అరబ్బుదే కదే!"

రంజాన్‌లో, ఇంకా చీకటుండగానే,
చర్చికి వెళ్తూ తెల్ల నెటెలా కప్పుకుని
ఉంగరంతో నా తలుపు కొట్టేది, మూడుసార్లు.
"లే. తిను. పది నిమిషాలే ఉంది."
మసీదు మైకు కంటే ముందే.

ఈ ఏడు వాళ్ళ పెద్ద ఉపవాసం, మా నెల
ఒకేసారి వచ్చాయి.
ఆమె మధ్యాహ్నం మూడు దాకా, నేను పొద్దు వాలేదాకా.
మూడు దాటాక వచ్చి నా వంటకి ఉప్పు చూసేది,
అరచేతిలో చుక్క వేసుకుని, కళ్ళు మూసుకుని,
"ఇంకో చిటికెడు."

పద్దెనిమిదో రోజు ఉంగరం మోగలేదు.

ఎండ్రిస్, సెయిద్ చర్చి వెనక గొయ్యి తవ్వారు,
గొంతులో చుక్క నీళ్ళు లేకుండా.
నేను గిన్నెల గది తాళం తీశాను.
మాంసం లేని రోజులు కదా, పప్పూ షిరోనే,
ఏ గిన్నె అయితే ఏం?
చేతికందిన పెద్దది లాగాను.
పొయ్యి మీద పెట్టాకే చూశాను దాని గీత.

మూడింటికి వాళ్ళు బల్లల మీద కూర్చున్నారు.
ఫాదర్ గిన్నె వైపు ఒకసారి చూసి
ఇంజెరా ఉన్న పళ్ళెం చాపాడు.
అందరూ తిన్నారు. ఎవరూ ఏమీ అనలేదు.
ఆమె కొడుకు గషావ్ రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

పొద్దు వాలింది. అజాన్ వినిపించింది.
ఒక ఖర్జూరం, రెండు గుక్కల నీళ్ళు.
అడుగున మిగిలిన పప్పు తీసుకుని
గోడకి ఆనుకుని ఒక ముద్ద పెట్టుకున్నాను.

ఉప్పు వేయనే లేదు.

గషావ్ బల్లలు మడతపెడుతూ నా వైపు చూశాడు,
చప్పున చూపు తిప్పుకున్నాడు.
గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను,
అలాగే.