ఆరు మిల్లీలీటర్లు

రాత్రి రెండున్నర. కెంటకీ కొండల మీద
చప్పుడు లేని మంచు.
నాలుగో అంతస్తులో ఊపిరి కాపలాకి నేనొక్కదాన్నే.
రెండో మనిషి రాదు.
ఆ ఉద్యోగాన్ని పోయిన ఏడాదే కాగితం మీంచి కొట్టేశారు.
పదకొండు వెంటిలేటర్లు, ఒక జత కాళ్లు.

తొమ్మిదో గదిలో ఆర్లిస్ కూంబ్స్.
ముప్పై ఏళ్లు గని కప్పుకి మేకులు దిగగొట్టాడు.
ఆయన రాయిని తొలిచినంత కాలం
రాయీ ఆయన్ని తొలుస్తూనే ఉంది.

టేపు తీసి, మడమ నుంచి మాడు దాకా కొలిచాను.
"దేనికి?" అంది ఆయన భార్య ఓపల్
కుర్చీలోంచి కదలకుండా.
"మా నాన్న శవపేటికలు చేసేవాడు.
ఇలాగే కొలిచేవాడు."

మనిషి ఒళ్లు చేసినా
ఊపిరితిత్తి ఒళ్లు చేయదమ్మా, అన్నాను.
దానికి ఎత్తే లెక్క.
అయిదడుగుల ఎనిమిదంగుళాలంటే అరవై ఎనిమిది కిలోలు,
కిలోకి ఆరు మిల్లీలీటర్లు.
నాలుగు వందల పది. అంతకు మించితే
గాలి కూడా గాయమే.

ఆమె తలూపింది.
నేను చెప్పనిది ఇది:

కొత్తగా చేరిన రోజుల్లో
కిలోకి పన్నెండు ఇచ్చేవాళ్లం,
అదీ తూకం యంత్రం చూపించిన బరువుకి.
పెళ్లి పంక్తిలో వడ్డించినట్టు
వద్దనే నోరు లేని వాళ్లకి
కొసరి కొసరి, ఛాతీ పొంగిపొర్లేలా.
రక్తపరీక్షలో అంకెలు ముచ్చటగా వచ్చేవి.
డాక్టర్లు భుజం తట్టేవాళ్లు.
అంకెలు బాగుపడుతుండగానే మనుషులు పోయేవాళ్లు.
జబ్బు ముదిరిందనుకున్నాం.

తిత్తి కదా, ఊదితే మంచిదే అనుకున్నాం.
ఈ కొలిమిలో
తిత్తే కాలిపోతుందని ఎవరికి తెలుసు?

తర్వాతెవరో కూర్చుని లెక్కపెట్టారు.
సగం ఇవ్వండి, అన్నారు.
సగమిస్తే ఎక్కువమంది బతికారు.
పుస్తకం మారింది. పరీక్ష మారింది.
నేనూ మళ్లీ రాసి పాసయ్యాను.
పాత పుస్తకంతో పోయినవాళ్ల ఇళ్లకి
ఎవరూ ఉత్తరం రాయలేదు.

డోషియా మలిన్స్, యాభై నాలుగేళ్లు,
చూపుడువేలి మీద కుట్టుమిషను సూది మచ్చ.
ఎనిమిది వందల యాభై.
ఆ మీట తిప్పింది ఈ చెయ్యే.

కుర్ర డాక్టరు యేగర్ వచ్చాడు, కళ్లు నులుముకుంటూ.
"కార్బన్ డయాక్సైడ్ పెరిగింది. వాల్యూమ్ పెంచండి."
నేను చెప్పొచ్చు, ఆర్డరు రాయకూడదు.
ముప్పై ఒక్కేళ్లుగా ఈ గీతకి ఇవతలే నిలబడ్డాను.
"పెరగనివ్వండి," అన్నాను. "కాస్త పెరిగితే ఓర్చుకుంటాడు.
లోపల చిరిగితే ఓర్చుకోలేడు.
బోర్లా తిప్పుదాం."
అతను నా బ్యాడ్జీ చూశాడు, నా జుట్టు చూశాడు,
తెర మీద గీతల్ని చూశాడు.
పైన ఎవరికో ఫోన్ చేశాడు.
నాలుగు నిమిషాలు. నేను లెక్కపెట్టాను.
"సరే," అన్నాడు.

తిప్పడానికి అయిదుగురు కావాలి.
ఇద్దరు నర్సులు, యేగర్,
చీపురు గోడకానించి, చేతులు కడుక్కుని వచ్చిన రోస్కో.
తల దగ్గర, ట్యూబు పట్టుకునే చోటు నాది.
ఆ ఒక్క చోటికీ ఎవరూ పోటీ రారు.
అది జారితే అంతా జారినట్టే.
"నేను మూడనగానే.
ఒకటి. రెండు."

ఎనభై ఒకటి. చాలాసేపు ఎనభై ఒకటే.
తర్వాత ఎనభై రెండు.
పెన్సిల్‌తో రాసుకున్నాను.
పెన్నుతో రాయడం ఎప్పుడో మానేశాను.
ఆరు కూడా తప్పని రేపెవరైనా లెక్కతేలిస్తే
మళ్లీ నేర్చుకోవాలి, మళ్లీ
కొందరి పేర్లు మోయాలి.

ఓపల్ దుప్పటి సర్దింది,
దిండులో సగం మునిగిన ఆ ముఖాన్ని చూస్తూ.
"బోర్లా పడుకోవడం ఈయనకేం కొత్త కాదులే," అంది.
"ముప్పై అంగుళాల పొర అది.
పొద్దస్తమానం పొట్ట మీదే పాకేవాడు.
ఇంటికొచ్చాక మాత్రం
వెల్లకిలా తప్ప పడుకునేవాడు కాదు."

ఆరో గదిలో అలారం మోగుతోంది.
టేపు జేబులో వేసుకుని నడిచాను.