నాలుగో తూము

అరచేతిల పట్టేంత నల్ల డబ్బా.
ఒక దిక్కు ఒక్కటే రంధ్రం, ఇంకో దిక్కు నాలుగు.
మిర్యాలగూడ బైపాస్ మీద ఫంక్షన్ హాలు,
గోడలకు సున్నం వాసన ఇంక పోలేదు.
నిచ్చెన మీద నేను. నిచ్చెన పట్టుకొని జానిమియా.
"అన్నా, ఒక్క కెమెరా బొమ్మను నలుగురికి పంచితే
తలా పావు బొమ్మనే గద వొచ్చేది?"

నవ్వొచ్చింది గని నవ్వలే.
ఆ లెక్క మా నాయినది.

లష్కర్ ముత్తిలింగం.
తాళంచెవుల గుత్తి మొలతాడుకు కట్టుకొని
ముప్పై రెండేండ్లు ఎడమ కాల్వ మీద
తూములు ఎత్తిండు, దించిండు.
జేబుల వారబందీ కాయితం, చెమటకు అక్షరాలు అలికినయి.
మొదటి తూమోడు మడి నిండినా మూయనియ్యడు.
నడుమోడు రాత్రిపూట గండి కొడతడు.
చివరి ఆయకట్టోడు
కాల్వ అడుగున మన్ను ముట్టి చూసి
మా ఇంటి ముందటికొచ్చి నిలబడతడు.
ఏమనడు.
నిలబడతడంతే.
లోపల నాయిన సగం తిన్న పళ్ళెంల చెయ్యి కడుగుతడు.

"నీళ్ళు పంచితే తగ్గుతయి జానీ, బొమ్మ తగ్గదు"
అన్న, పెద్ద తెలిసినోని లెక్క.

మొదటి తీగ మండపం పక్కన పెద్ద తెరకు.
రెండోది అన్నాల హాలుకు.
మూడోది మేడమీద ఏసీ గదికి, పెండ్లికొడుకు దిక్కోళ్ళకు.
మాట్లాడుకున్నది అంతే, మూడు తెరలు, తొమ్మిది వేలు.
నాలుగో రంధ్రం నోరు తెరుచుకొని ఉన్నది.

వంటల షెడ్డు ఎనక బోరు నల్లా కాడ
గంగాళం తోమేటామె, ఇద్దమ్మ, అడిగింది:
"బిడ్డా, ఈడ గూడ ఒకటి పెట్టరాదు?"

వాచ్‌మన్ గదిల పాత టీవీ ఉండె.
ఓ మూల పగిలింది, రిమోట్ ఎప్పుడో పోయింది.
ఇరవై మీటర్ల తీగను కిటికీల నుంచి దింపి
పప్పు గుండిగల పక్కనుంచి, ఉల్లిపొట్టు కుప్ప చుట్టూ తిప్పి
గుచ్చితే
సిగ్నల్ లేదన్నది.
నీలి తెర. ఎండిన పిల్లకాల్వ.

నడుమల ఒక బూస్టర్ పెట్టిన,
తీగ మూతిని అంగీకి తుడిచి మళ్ళ గుచ్చిన.
రెండుసార్లు మిణుకుమన్నది.
మూడోసారికి పెండ్లిపిల్ల మొఖం పారొచ్చింది.

ఆ గడియకే మేడమీది నుంచి ఫోన్:
"ఏమయ్యా, ఇందాకటంత సాఫ్‌గ కనవడ్తలేదు?"
"కరెంటు సార్, వోల్టేజీ" అని అబద్ధమాడిన.

జానిమియాకు మాత్రం నిజం చెప్పిన.
ఈ డబ్బా ఒక్కొక్క తెరను అడుగుతది,
నీకెంత చూపించొస్తదని.
అందర్ల ఎవరికి తక్కువొస్తదో
ఆ కొలతకే అందరికి పంపుతది.
పాత టీవీ వొచ్చి కలిసింది గద,
పెద్ద తెర గూడ దాని అంతకు దిగింది.

వాడు డబ్బాను తడిమిండు. ఎచ్చగున్నది.
"ఇది కాల్వ మీద ఉండాల్సిందన్నా."

నాయిన ఉంటే చెప్తుంటి.
నమ్మకపోతుండె.
తాళమేడున్నదిరా దీనికి, అని అడుగుతుండె.

జీలకర్ర బెల్లం గడియకు
నాలుగు తెరల మీద నాలుగు జతల చేతులు లేచినయి.
మేడమీద ఎవరూ చూస్తలేరు,
అందరి మొఖాలు సెల్లులల్లనే.
తీగలు సర్దుకుంట నేను షెడ్డు ఎనక్కి పోతే
ఇద్దమ్మ పీట మీద కూసున్నది,
చేతులు కొబ్బరిపీచు మీద, కండ్లు టీవీ మీద.

"పిల్ల మంచిగున్నదా అమ్మా?"

"పిల్లనెవరు జూసిండ్రు బిడ్డా.
కెమెరా అన్నాల దిక్కు తిరిగినప్పుడల్లా
బంతులు లెక్కవెడుతున్న.
బంతికి డెబ్బై పళ్ళాలు. ఇంక మూడున్నయి."

పళ్ళెం మీద బూడిద చల్లింది.
"ఆఖరు బస్సు అందుతదేమో."