గిద్దల లెక్క

ఆకివీడు రైలు గేటు పక్కన
రొయ్యల మేత కొట్టు పైగదిలో
రాత్రి పదకొండింటికి కూర్చుని
అవునో కాదో రాస్తున్నాను.

భాషతో పాటు వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ
షామియానా కొట్టువాడి సామాను లాంటిది.
వెయ్యి మందికి వండే గంగాళాలు, జనరేటరు,
కుర్చీలు, కుర్చీలకు తొడుగులు,
ఎవరూ ఊదని సన్నాయి కూడా.
నాకున్నది అరవై నాలుగు కిలోబైట్ల వంటిల్లు.
చెరువు గట్టున కర్రకి కట్టిన పెట్టె.
దాని పని ఒక్కటే,
నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే అరవడం.

అందుకని లైబ్రరీని మళ్ళీ కంపైల్ చేస్తూ
ప్రతి వరుస దగ్గరా ఆగాలి.
థ్రెడ్లు కావాలా? వద్దు. ఒక్క పనికి ఒక్క పోగు చాలు.
ఫైళ్ళు? అక్కడ డిస్కు లేదు, బురద ఉంది.
ప్రపంచ దేశాల గడియారాలు?
చెరువుకి రెండే వేళలు: మేత వేళ, ఏరేటర్ల వేళ.
వేగమా, పొదుపా?
పొదుపే. రొయ్యకి మైక్రోసెకన్లతో పనిలేదు.

మొదటిసారీ ఇలాగే, పొలుసు తీసినట్టు గీకుతూ గీకుతూ
ఒక వరుస దగ్గరికొచ్చాను.
కూలిపోయేటప్పుడు
ఎక్కడ, ఎందుకు అన్నది చెప్పి కూలాలా,
ఊరకే ఆగిపోవాలా?
చెప్పాలంటే పదకొండు కిలోబైట్లు ఖర్చు.
ఊరకే ఆగిపొమ్మన్నాను.
బైనరీ సన్నబడింది. ముచ్చటేసింది.
ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున మూడింటికి
ఒక పీత వైరు కొరికింది.
సెన్సారు సున్నా పంపింది.
సున్నాతో భాగించబోయి పెట్టె ఆగిపోయింది,
నేను చెప్పినట్టే, ఊరకే.
ఆకుపచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.
తెల్లారేసరికి గట్టు పొడుగునా
రొయ్యలు పక్కకొరిగి ఉన్నాయి.
పీత సంగతి తేలడానికి నాకు మూడు రోజులు పట్టింది.

కాపలా నాంచారయ్య తిట్టలేదు.
పెట్టెని తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టాడు.
"గాలందకపోతే రొయ్యైనా పైకొచ్చి తచ్చాడుద్దండి.
ఇదేంటండి, నోరు మూసుకుని పోయింది!"

నోరు పెట్టాలి.
పదకొండు కిలోబైట్లు ఎక్కణ్ణించి తేను?
తీయదగ్గవన్నీ తీసేశాను.
మిగిలింది దశాంశాల లెక్క.
మూడు పాయింటు ఐదు, నాలుగు పాయింటు రెండు.
ఆ చిన్న చుక్క వెనక ఎంత సరంజామా మోయాలో
ఇరుకింట్లో కాపురం చేసినవాళ్ళకే తెలుసు.
అది తీసేస్తే ఆక్సిజన్‌ని దేంతో కొలవను?

గట్టు మీద నాంచారయ్య
మేతలో కలిపే మందు కొలుస్తున్నాడు,
అంచు నొక్కుకుపోయిన ఇత్తడి సోలతో.
"సోలా మూడు గిద్దలండి,
నాలుగు గిద్దలైతే సోల నిండుద్ది.
గిద్దకి కిందది నేను లెక్కెయ్యనండి,
ఎలాగూ వేళ్ళ సందున కారిపోద్ది."

ఆయ్!
మూడున్నరంటే పద్నాలుగు గిద్దలు.
పదహారుకి తగ్గితే ఏరేటర్లు తిప్పు.
చుక్క లేదు, పాయింటు లేదు.
పదమూడు కిలోబైట్లు ఖాళీ అయ్యాయి,
నోటికి పోను రెండు మిగులు.

ఇప్పుడు కంపైల్ అవుతోంది.
కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌లో నలభై శాతం.
కింద కొట్లోంచి చేపపొడి వాసన.
గేటు వేసే ఉంది, గూడ్సు ఇంకా రాలేదు.

దశాంశాలు: వద్దు.
చివరి మాట: కావాలి.
దాని పక్కన, నా తర్వాత ఈ ఫైలు తెరిచేవాళ్ళకి
ఒక ముక్క రాసి పెట్టాను:
చోటు చాలకపోతే ఇంకేదైనా కోయండి.
ఇది పీతలున్న ఊరు.

ఇంకా పదిహేడు వరుసలున్నాయి.
వాటి అర్థం నాకు తెలియదు.
ఎవరో ముందే పెట్టిన జవాబుల్ని అలాగే ఉంచాను.
ఎందుకలా పెట్టారో.
వాళ్ళ చెరువులో ఏమి చచ్చిపోయిందో.